ఎడమ బేరింగులే పోయే ఊరు

శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద మా షెడ్ల వరుసలో ఏళ్ల తరబడి ఎడమవైపు చక్రాల బేరింగులే పోయాయి. కుడివైపువి ఎందుకు పోవని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగా ఉండేది. మన రోడ్లకు ఎడమ అంచునే గుంతలు పడతాయి, వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి, కాబట్టి ఎడమ చక్రమే ముందు దెబ్బతింటుంది. ఈ మాట నేను ఒక దినపత్రికలో రాశాను కూడా. అది సగం నిజం. మిగతా సగం తెలుసుకోవడానికి నేను ఒక ఇంటి వాకిట్లో, నలుగురి ముందు, తలవంచుకోకుండా నిలబడాల్సి వచ్చింది.

మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షెడ్డు ఎలా పెట్టానో, ఎంత పేరు తెచ్చుకున్నానో ఇందులో ఉండదు. ఒక బేరింగు గురించి, ఒక తప్పు గురించి ఉంటుంది. ఆ తప్పు నాది. దాన్ని బయటికి చెప్పినందుకు మా వరుసలో కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. మాట్లాడకపోతే మానె.

బేరింగు పోతే ఏమవుతుంది

చక్రం ఇరుసు చుట్టూ నున్నగా తిరగడానికి మధ్యలో ఉక్కు గోళీలున్న వలయం ఒకటి ఉంటుంది. అదే బేరింగు. లోపల గ్రీజు ఉంటుంది, నీళ్లు పోకుండా రబ్బరు సీలు ఉంటుంది. నీళ్లు నిలిచిన అండర్‌పాసులో మాటిమాటికి కారును ముంచినా, కడిగే చోట పైపు ఒత్తిడిని చక్రం మధ్యకే పెట్టి కొట్టినా ఆ సీలు వదులవుతుంది. నీళ్లు లోపలికి పోతాయి, గ్రీజు చెడుతుంది, గోళీలు తిరిగే దారికి పెచ్చులు లేస్తాయి. అప్పుడు మొదలవుతుంది చప్పుడు.

ఆ చప్పుడు ఇంజిన్‌తో కాదు, వేగంతో పెరుగుతుంది. అరవైలో ఉన్నప్పుడు గేరు న్యూట్రల్ చేసి చూడండి. ఇంజిన్ శాంతించినా ఆ గుంయ్‌మనే మోత అలాగే ఉంటే అది చక్రాలదే. టైరు అరిగినా మోత వస్తుంది గానీ రోడ్డు మారితే టైరు మోత మారుతుంది. తారు మీద ఒకలా, సిమెంటు మీద ఒకలా ఉంటుంది. బేరింగు రోడ్డును పట్టించుకోదు, మలుపును పట్టించుకుంటుంది. కారు కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. ఎడమకు తిరిగితే కుడి చక్రాల మీద పడుతుంది. బరువు పడిన వైపు బేరింగు చెడినదైతే మామూలుగా మోత పెరుగుతుంది, బరువు తొలగితే తగ్గుతుంది. అందుకే రెండు వైపులా తిప్పి వినాలి.

రెండు వైపులా. ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి.

మా షెడ్ల నుంచి బయల్దేరితే ట్రయల్ కొట్టడానికి ఉన్నది ఒకటే దారి. సర్వీసు రోడ్డు వెంట పోయి, రింగు రోడ్డు వంతెన కింద ఉన్న సర్కిల్‌ను కుడికి చుట్టి వెనక్కి రావాలి. వంతెన దగ్గర ఎడమకు తిరిగితే ఎయిర్‌పోర్టు రోడ్డెక్కుతాం. అక్కడ ఎక్కితే యూటర్న్ చాలా దూరం. అందుకని ఎవరం ఎడమకు పోయేవాళ్లం కాదు. వరుసలో ఏ షెడ్డు కారైనా సరే, ఆ సర్కిల్‌ను కుడికి చుట్టవలసిందే. పైగా ఆ సర్కిల్‌లో జారకుండా గీతలు చెక్కిన సిమెంటు రోడ్డు. ఏ కారైనా దాని మీదికి ఎక్కగానే మోత పెంచుతుంది. కుడికి తిరిగినప్పుడు మోత పెరిగిందా? అయితే ఎడమ బేరింగే. ఇదీ మా శాస్త్రం.

ఉస్తాద్ చెప్పిన రెండు మాటలు

నాకు పని నేర్పింది అత్తాపూర్‌లో షెడ్డు నడిపిన రహీం ఉస్తాద్. చేతి పనిలో ఆయనకు సాటి వచ్చేవాణ్ని నేను చూడలేదు. ఆయన చెవిని నమ్మేవాడు కాదు.

"చెవి లంచం తింటది యాదగిరీ," అనేవాడు. "మనసుల ఏమనుకుంటవో అదే ఇనిపిస్తది. చెయ్యి తినదు."

కారును జాకీ మీద లేపి, చక్రం పైనున్న స్ప్రింగు మీద ఎడమ చెయ్యి వేసి, కుడి చేత్తో చక్రం తిప్పమనేవాడు. బేరింగు బాగుంటే స్ప్రింగు నిద్రపోతున్నట్టుంటుంది. చెడితే ఇసుక రాలినట్టు సన్నని వణుకు వేళ్లకు తగులుతుంది. చెవికి అందని చెడును కూడా ఆ వణుకు చెప్పేస్తుంది. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. లూజుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కగానే ఆ ఊపు పోతే లూజు బేరింగుది. పోకపోతే వేరే చోట వెతకాలి.

ఆయన చెప్పిన రెండో మాట కూడా రాయాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు.

"గిరాకీ ముందట తప్పు ఒప్పుకున్నవా, ఇగ నీ దుకాణం బంద్. కొత్త ప్రాబ్లం వచ్చిందని చెప్పు. బండి కదా, రోజుకొకటి వస్తది."

మొదటి మాటను నేను మెల్లగా మరిచిపోయాను. రెండోదాన్ని పొల్లు పోకుండా పాటించాను. శంషాబాద్‌లో సొంత షెడ్డు పెట్టాక జాకీ ఎక్కించే ఓపిక తగ్గింది, కారులో కూర్చుని సర్కిల్ చుట్టి రాగానే తీర్పు చెప్పే గర్వం పెరిగింది. నెత్తి మీద నుంచి విమానం పోతుంటే పక్కవాడి మాటే వినబడని చోట, చెవిని నమ్ముకుని బతికాం మేము. నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. అప్పుడు రాలేదు.

చూశారా, విన్నారా

మధ్యలో పత్రిక పని వచ్చి పడింది. నా దగ్గర కారు బాగుచేయించుకున్న ఒక విలేకరి పుణ్యమా అని, జిల్లా పేజీలో వారానికోసారి పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయడం మొదలుపెట్టాను. ఆ పేజీ చూసే సరోజ గారు గోదావరి వైపు మనిషి. నా వాక్యాల్లో సగం కొట్టేసేవారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత కొట్టేసిన సగం లేకపోతేనే బాగుందని తెలిసింది. మంచి భాష రాయమని ఆమె ఎప్పుడూ అనలేదు. ప్రతి వారం ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేవారు.

"యాదగిరి గారూ, ఇది మీరు చూశారా, విన్నారా?"

ఎడమ బేరింగుల గురించి రాసినప్పుడూ అడిగారు.

"చూసిందే మేడం. ఇక్కడ అందరం చూస్తున్నదే."

"అందరి సంగతి వద్దండీ. మీరు చూశారా?"

"చూశాను," అన్నాను. అచ్చయింది. ఆ కాగితం ముక్క కత్తిరించి మా వరుసలో ఒకరిద్దరు గోడకు అంటించుకున్నారు కూడా.

కవిత కారు

కవితది తుక్కుగూడ. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే విభాగంలో పని. డ్యూటీ పొద్దున ఆరింటికి. ఆ వేళకు బస్సు దొరకదు. అందుకని ఇంట్లో ఉన్న పాత చిన్న కారును తనే నడపడం నేర్చుకుంది. దారిలో ఇద్దరు తోటి ఆడవాళ్లను ఎక్కించుకుని పోతుంది. భర్త పేరు శ్రీశైలం, ఒక గోదాములో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. ఇంట్లో మాట చెల్లేది అతని అన్న జంగయ్యకు. కారు కూడా జంగయ్య పేరు మీదే ఉంది.

ఒకరోజు డ్యూటీ దిగి ఆమె నేరుగా షెడ్డుకు వచ్చింది.

"అన్నా, కారుల పిండి గిర్ని నడిచినట్టు సప్పుడొస్తుంది. అరవై దాటంగనే షురువైతది. ఎనభైల మాట్లాడుకుంటె ఒకల మాట ఒకలకు ఇనబడ్తలేదు."

"ఏ దిక్కుకెల్లి వస్తుంది చెల్లె?"

"నా కాళ్ల కిందికెల్లే వస్తున్నట్టుంది."

డ్రైవరు కాళ్లుండేది కుడివైపు. ఆమె జవాబు చెప్పేసింది. నేను నవ్వాను.

"నడిపేటోళ్లకు ఏ సప్పుడైనా కాళ్ల కిందికెల్లి వచ్చినట్టే ఉంటది తీ."

కారు తీసుకుని సర్కిల్ చుట్టి వచ్చాను. సిమెంటు మీద మోత పెరిగింది. ఎడమ బేరింగు అన్నాను. మరునాడు మార్చేశాను.

ఇక్కడే అసలు తప్పు ఉంది. విప్పినప్పుడు లోపలి వలయం, బయటి వలయం వేరై పాత బేరింగు రెండు ముక్కలుగా చేతికి వచ్చింది. గోళీలు తిరిగే దారిని గుడ్డతో తుడిచాను. అద్దంలా మెరిసింది. ఒక్క మచ్చ లేదు. నా కళ్లతో చూశాను. చూసి, పైకి బాగున్నా బరువు మీద చప్పుడు చేస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుని, దాన్ని తుక్కు డ్రమ్ములో వేశాను. విన్నదాన్ని నమ్మాను, చూసినదాన్ని పారేశాను.

కారు తీసుకుపోవడానికి జంగయ్య కూడా వచ్చాడు. కవిత సర్కిల్ దాకా నడిపి వెనక్కి తెచ్చింది.

"సప్పుడు పోలే అన్నా. గట్లనే ఉన్నది."

జంగయ్య ఉన్నాడు. పక్క షెడ్డు సత్తన్న కూడా నిలబడి చూస్తున్నాడు. తప్పు ఒప్పుకోవద్దన్న ఉస్తాద్ మాట నా నోట్లో నుంచి తనంతట తానే వచ్చింది.

"కొత్త బేరింగు ఏసిన చెల్లె. ఇగ అది టైర్ల సప్పుడు. కొన్ని సప్పుళ్లు ఇందామనుకుంటె ఇనబడ్తనే ఉంటయి."

జంగయ్య గట్టిగా నవ్వాడు. "ఇన్నవా? మిస్త్రీనే చెప్పిండు. బండికి ఏం గాలె, నీ చెవులకు అయింది. తెల్లారి లేస్తె ఇదే పంచాయితి మా ఇంట్ల." చెయ్యి చాచాడు. "తాళం ఇటియ్యి. ఇగ నా తాననే ఉంటది."

ఆమె నన్ను చూసింది. నేను చేతులు తుడుచుకునే గుడ్డ కోసం అటు తిరిగాను.

ఎడమకు తిరిగే మనిషి

నాలుగైదు రోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆమె ఆటో దిగి వచ్చింది. కారు పోయాక రెండు ఆటోలు మారుతోందట. మూడు రోజులు ఆలస్యంగా పోయిందట. ఇంకోసారి ఆలస్యమైతే రావద్దన్నారట. అవి చెప్పడానికి ఆమె రాలేదు.

"అన్నా, నువ్వు తప్పు చెప్పినవ్."

నిలబడే అంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఎల్లుండి మా బావ ఆరుగురిని ఏసుకొని శ్రీశైలం గుడికి పోతుండు. ఘాటు రోడ్డు. నా పిల్లలున్నరు అండ్ల. సప్పుడు ఇంక ఎక్కువైంది. నేను చెప్తె ఎవరు ఇంటలేరు. నువ్వన్న మాటే నాకు అడ్డం పెడ్తున్నరు."

ఐదుగురి కోసం చేసిన కారులో జంగయ్యతో కలిపి ఏడుగురు, కొండ మలుపులు, చెడిన బేరింగు.  అయినా వెంటనే లొంగలేదు.

"బేరింగే అని నీకెట్ల తెలుసు?"

"నాకు బేరింగులు తెల్వయి. పొద్దుగాల ఎయిర్‌పోర్టు రోడ్డు ఎక్కేటప్పుడు ఎడమకు మలుపుతం గదా, ఆడ సప్పుడు డబుల్ అయితది. ఇంటికొచ్చేటప్పుడు కుడికి మలుపుతె బంద్ అయినట్టే అయితది. రోజు అదే దారి. రోజు గట్లనే."

మా వరుసలో ఏ మెకానిక్కూ తిరగని మలుపును ఆమె రోజూ తిరిగేది. నేను ముప్పై ఏళ్ల అనుభవం అనుకున్నది ఒకే సర్కిల్‌ను కుడికి చుట్టిన అనుభవమే. ఆమె మొదటిరోజే చెప్పిన మాట, ఇప్పుడు చెప్పిన మాట, రెండూ కుడి బేరింగునే చూపిస్తున్నాయి.

డ్రమ్ము దగ్గరికి పోయి ఆ పాత బేరింగును వెతికి తీశాను. మళ్లీ తుడిచాను. అదే మెరుపు. దాని కింద ఇంకొన్ని ఉన్నాయి, వేరే కార్లవి, అన్నీ ఎడమవే. ఒక్కొక్కటి తీసి తుడుస్తూ పోయాను. కొన్నింటికి పెచ్చులు లేచి ఉన్నాయి, అవి నిజంగా పోయినవే. కానీ చాలావాటికి మచ్చ లేదు. సరోజ గారి ప్రశ్న అప్పుడు చెవిలో కాదు, అరచేతిలో పడింది.

సత్తన్న వచ్చి భుజం మీద చెయ్యేశాడు. మంచికే చెప్పాడు, అది కూడా రాయాలి.

"కుడి దిక్కుది మార్చెయ్యి. కని తప్పయిందని మాత్రం అనకు. కొత్తగ పోయిందని చెప్పు. బేరింగుకేం నోరుందా?"

"బేరింగుకు లేదు. ఈమెకుంది. ఇన్ని రోజులు ఎవడు ఇనలే."

జాకీ, కారు కింద ఆధారంగా పెట్టే స్టాండు నా మోటారు సైకిలుకు కట్టుకున్నాను.

తుక్కుగూడ వాకిట్లో

నేను పోయేసరికి జంగయ్య వాకిట్లోనే ఉన్నాడు. కారు కడిగి, ముందు అద్దానికి కొత్త దండ వేసి ఉంది. శ్రీశైలం గడపలో నిలబడ్డాడు. కవిత నా వెనకే ఆటో దిగింది.

"ఏంది యాదగిరన్నా, ఇంటికే వచ్చినవ్? ఏమన్న మరిచినవా?"

"తప్పు చెప్పిన. సరిచేద్దామని వచ్చిన. నేను తీసింది మంచి బేరింగు. పోయింది కుడి దిక్కుది. నీ మరదలు మొదటి దినమే చెప్పింది, నేనే ఇనలే."

ఉస్తాద్ భయపెట్టినంతగా ఆకాశమేమీ విరిగి పడలేదు. జంగయ్య మాత్రం నవ్వాడు.

"మొన్న చెవులకు అయిందన్నవ్. ఇయ్యాల బండికి అయిందంటున్నవ్. రేపు నాకు అయిందంటవా? నిన్నెట్ల నమ్మాలె?"

న్యాయమైన ప్రశ్నే. ఒకసారి అబద్ధమాడిన నోరు రెండోసారి నిజం చెప్పినా విలువేముంది?

"నన్ను నమ్మకు. ఆమెను నమ్ముమని గూడ చెప్తలేను. జర నీ చెయ్యి ఇటియ్యి."

ముందు ఎడమ చక్రం లేపాను. స్టాండు పెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చెయ్యి పెట్టేవాడు నా షెడ్డులో ఒక్కరోజు కూడా ఉండలేదు. జంగయ్య చెయ్యి స్ప్రింగు మీద పెట్టించి చక్రం తిప్పాను.

"ఏమున్నది?"

"ఏం లేదు."

"సరే. ఇప్పుడు ఇటు దిక్కు."

కుడి చక్రం లేపి, అతని చెయ్యి పెట్టించి, తిప్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే నెత్తి మీదికి విమానం దిగుతూ వచ్చింది. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. జంగయ్య ఏదో అనబోయి ఆగాడు. అతని చెయ్యి స్ప్రింగు మీదే ఉంది. నాగలి పట్టిన చెయ్యి అది, నాలాంటి వాడు దానికి నేర్పేదేమీ ఉండదు. నేను తిప్పుతూనే ఉన్నాను. అతని ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

విమానం దాటిపోయింది.

"ఇసురాయిల రాయి పడ్డట్టున్నది," అన్నాడు. చెయ్యి తీయలేదు. మళ్లీ తిప్పమని కళ్లతో సైగ చేశాడు. తిప్పాను. కాసేపు అలాగే ఉండి లేచాడు. కానీ లొంగడం అంత తేలిక కాదు, నాకూ తెలుసు.

"అయితె మానె. మొక్కు దినం మార్చరాదు. పొయ్యొచ్చినంక చేపిద్దాం. ఇన్ని రోజులు తిరిగింది, ఇంకో రెండు దినాలకేమైతది?"

నేను నోరు తెరిచేలోపే కవిత అంది. గొంతు పెంచలేదు.

"పో బావా. నా పిల్లలు ఎక్కరు."

"ఏందీ?"

"నా పిల్లలు ఆ కారుల ఎక్కరు. నేను ఎక్క. నీ ఇష్టం ఉంటె నువ్వు పో."

 గడపలో ఉన్న శ్రీశైలం మెట్టు దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అంతే. ఆ వాకిట్లో లెక్క మారిపోయింది.

జంగయ్య చాలాసేపు ఆ దండ వైపు చూశాడు. జేబులోంచి తాళం తీసి నాకు చాచాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"నాకెందుకు? నడిపేది ఆమె."

తాళం గాలిలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె చేతిలో పడింది. వేగం ముప్పై దాటకుండా ఆమె శంషాబాద్ దాకా నడిపింది. నేను వెనకే బండి మీద వచ్చాను.

ఎక్కించే పద్ధతి

కుడి బేరింగు విప్పి కవిత చేతిలోనే పెట్టాను. గోళీల దారి పొడుగునా చీమలు కొరికినట్టు గుంతలున్నాయి. గ్రీజు తుప్పు రంగులో నీళ్లతో కలిసి ఉంది. ఆమె వేలితో తడిమి చూసింది. 

మార్చే పని గురించి మీకు నాలుగు మాటలు చెబుతాను, వినకపోతే మీ ఖర్మ. ఇరుసు నట్టును చక్రం నేల మీద ఉండగానే వదులు చేయండి. లేపాక దాంతో కుస్తీ పడితే కారు స్టాండు మీద నుంచి జారుతుంది. బ్రేకు భాగాన్ని దాని రబ్బరు పైపుకు వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. కొత్త బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించేవాడు మెకానిక్ కాదు, బేరింగును చంపి పాతిపెట్టేవాడు. సుత్తి దెబ్బకు పడిన సొట్ట ఆ రోజు వినబడదు. కొన్ని నెలలకు, మీ షెడ్డు దాటి పోయాక వినబడుతుంది. ఒత్తి ఎక్కించే ప్రెస్సు లేకపోతే ఉన్నవాడి దగ్గరికి తీసుకుపోండి, సిగ్గుపడకండి. బేరింగును దాని గూటిలోకి దించేటప్పుడు బయటి వలయం మీదే ఒత్తిడి పెట్టాలి. తర్వాత దాని మధ్యలోకి చక్రం బిగించే హబ్బు దించేటప్పుడు లోపలి వలయానికి కింద ఆధారం పెట్టాలి. ఇవి తారుమారైతే ఒత్తిడంతా గోళీల గుండా పోయి కొత్త బేరింగు పెట్టెలోంచి తీసిన రోజే చస్తుంది. కొన్ని కార్లలో బేరింగుకు ఒక ముఖం మీద అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది చక్రం వేగం చూసే సెన్సారు వైపే ఉండాలి. తిరగేసి పెడితే డ్రైవరు ముందు బ్రేకు హెచ్చరిక లైటు వెలిగి మీ పేరు చెబుతుంది. నట్టు కొత్తది వేయండి, కంపెనీ చెప్పినంతే బిగించండి. చేతి అంచనా వద్దు. చెవి అంచనా ఏం చేసిందో చూశారుగా.

పని అయ్యాక ట్రయల్‌కు కవితనే నడపమన్నాను. నేను పక్కన కూర్చున్నాను. వంతెన దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ, "కుడికి తిప్పు చెల్లె, సర్కిల్ చుట్టొద్దాం," అన్నాను. ఆమె ఎడమ ఇండికేటర్ వేసింది. అంత దూరం పోయి యూటర్న్ తీసుకోవాలని తెలిసీ వేసింది. మలుపులో కారు కుడికి ఒరిగింది. చప్పుడు లేదు. నేను మాట్లాడుతుంటే నా మాట నాకే కొత్తగా వినబడింది.

అచ్చయిన తర్వాత

ఆ వారమే పత్రికకు రాశాను. ఎడమ బేరింగుల గురించి నేను రాసింది సగమే నిజమని, మేము ఒకే వైపు తిప్పి చూసి మంచి బేరింగులు కూడా మార్చామని, బేరింగు మార్పించుకునే వాళ్లు పాతది తమ ముందే తుడిపించి చూసుకోవాలని రాశాను. సరోజ గారు ఫోన్ చేశారు.

"యాదగిరి గారూ, ఇది వేస్తే మీ వాళ్లు మిమ్మల్ని బతకనిస్తారా?"

"మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు మేడం."

 "సరే, అడుగుతున్నాను. చూశారా?" అన్నారు.

"చూశాను."

ఒక్క వాక్యం కూడా కొట్టేయకుండా వేశారు.

వరుసంతా నా మీద లేచింది. గోడల మీది పాత కాగితాలు చిరిగాయి. సత్తన్న అందరి తరఫునా నా షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మా కడుపు మీద కొట్టినవ్ యాదగిరీ. నువ్వు తప్పు చేస్తె నీ తప్పు రాసుకో. వరుసంత ఎందుకు రాసినవ్? మేమంత దొంగలమా?"

"దొంగలమని రాయలే సత్తన్నా. కుడికే తిరిగినమని రాసిన. తిరగలేదంటవా?"

"నీకు పేపర్ల పేరు కావాలె. గంతే."

అదే సమయానికి కవిత కారు వచ్చి ఆగింది. శ్రీశైలం గుడి నుంచి తెచ్చిన ప్రసాదం ఇద్దామని దిగింది. ఘాటులో జంగయ్యే నడిపాడట. ప్రతి ఎడమ మలుపులో మాటలాపి వినమని అందరినీ సతాయించాడట. మొక్కు తీరాక తాళం మళ్లీ ఆమెకే ఇచ్చాడట. అవన్నీ తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం సత్తన్న మాటలన్నీ విని, ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టి, అతని వైపు తిరిగింది.

"అన్న రాసింది అబద్ధమైతె సులువే గదా. మీ డ్రమ్ముల ఉన్నయి గద పాతయి. తీసి తుడిచి చూపియ్యున్రి. నేను నిలబడ్త."

 సత్తన్న వెనక నిలబడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కరు కూడా డ్రమ్ము వైపు కదలలేదు.

ఆమె కాసేపు నిజంగానే నిలబడి చూసింది. తర్వాత గడియారం చూసుకుంది.

"ఇగ పోత అన్నా. ఇయ్యాల మాపటి డ్యూటీ ఉన్నది."

కారు కదిలింది. మేమందరం, సత్తన్నతో సహా, అటే చూస్తూ నిలబడ్డాం. వంతెన దగ్గర ఎడమ ఇండికేటర్ వెలిగి ఆరింది, వెలిగి ఆరింది. ఆమె మలుపు తిరిగి ఎయిర్‌పోర్టు రోడ్డు ఎక్కేసింది.